అడిగి బయల్దేరండి: గల్ఫ్ ఉద్యోగ ఇంటర్వ్యూకి కోనసీమ వాళ్ళ తయారీ

ఐనవిల్లి సిద్ధి వినాయకుడి గుడిలో ఏటా పరీక్షల ముందు లక్ష కలాలతో పూజ చేసి, ఆ కలాలు పిల్లలకి పంచుతారు. పదో తరగతి పరీక్షకి పిల్లల్ని ఇంత శ్రద్ధగా పంపే ఊళ్ళోంచి, రెండేళ్ళ జీవితాన్ని తేల్చే గల్ఫ్ ఇంటర్వ్యూకి మాత్రం పెద్దవాళ్ళు ఏ తయారీ లేకుండా వెళ్తున్నారు. "రేపు పొద్దున్నే వీడియో కాల్ ఉందమ్మా, మంచి చీర కట్టుకుని కూర్చో" అని ఏజెంటు ఫోన్ చేస్తాడు. అయిదు నిమిషాల్లో మాట్లాడటం అయిపోతుంది. అటువైపు మేడమ్ సరేనంటే వీసా, లేకపోతే లేదు. ఆ అయిదు నిమిషాల్లో మన వైపు నుంచి ఒక్క ప్రశ్న కూడా వెళ్ళదు. నేను రాస్తున్నది ఆ ప్రశ్నల కోసమే.

ఐనవిల్లి మొదలుకొని అంబాజీపేట, పి.గన్నవరం, మామిడికుదురు, రాజోలు, మలికిపురం దాకా ఎక్కడ అడిగినా కువైట్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఉన్నవాళ్ళ సంగతి వినబడుతుంది. ఆడవాళ్ళు ఎక్కువగా ఇళ్ళలో పనికి వెళ్తున్నారు. మగవాళ్ళు డ్రైవర్లుగా, తాపీ పనికి, కరెంటు పనికి, వంటకి వెళ్తున్నారు. గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు, తీరిన అప్పులు, చదువుకున్న పిల్లలు మన కళ్ళ ముందే ఉన్నారు. జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక, ఎవరికి చెప్పుకోవాలో తెలియక తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరి కథలూ కూర్చుని వింటే, తేడా చాలాసార్లు విమానం ఎక్కక ముందే మొదలైందని అర్థమవుతుంది. ఏ పని, ఎవరింట్లో, ఎంతకి, ఏ షరతుల మీద అన్నది తెలుసుకుని వెళ్ళినవాళ్ళకీ కష్టం రావచ్చు. కానీ అప్పుడు చేతిలో కాగితం ఉంటుంది, ఎవర్ని పట్టుకోవాలో తెలుస్తుంది.

ముందు ఇంటర్వ్యూ ఎవరిదో చూడండి

ఊళ్ళో ఇంటర్వ్యూ కబురు తెచ్చేది సాధారణంగా తెలిసినవాళ్ళే. వరసకి బాబాయ్ అయి ఉంటాడు, లేదా ఇంతకుముందు వెళ్ళొచ్చిన వదిన అయి ఉంటుంది. వాళ్ళ మనసు మంచిదే కావచ్చు. అయినా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ పనులకి మనుషుల్ని తీసుకునే అధికారం కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదైన రిక్రూటింగ్ ఏజెంటుకే ఉంది. నమోదైన ఏజెంటుకి ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ పేరూ నంబరూ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. లైసెన్సు నడుస్తోందా, రద్దయిందా అన్నదీ అక్కడే కనబడుతుంది. "బాబాయ్, మీరు ఏ ఆఫీసు తరఫున మాట్లాడుతున్నారు, దాని నంబరు చెప్పండి" అని అడిగితే ఎవరికీ కోపం రాకూడదు. వస్తే ఆ ఇంటర్వ్యూ మీకు అక్కర్లేదు.

పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ రకంలోకి వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం నుంచి అనుమతి కావాలి. ఈసీఆర్ ఆడవాళ్ళకి ఇంకో రెండు నియమాలు ఉన్నాయి. వయసు 30 నిండి ఉండాలి. ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రంలో ఆ పని ఓంక్యాప్ చూస్తుంది, తెలంగాణలో టామ్‌కామ్ చూస్తుంది. ఈ నియమాలు తప్పించడానికే కొందరు "ముందు విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్ళు, అక్కడ మస్కట్ వీసా కొడతారు" అంటారు. ఆ దారిలో వెళ్ళిన మనిషికి ప్రభుత్వ లెక్కల్లో ఉద్యోగం లేదు, కాంట్రాక్టు లేదు, బీమా లేదు. విజిట్ వీసా మాట వినబడగానే లేచి వచ్చేయండి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏజెంటు తన సేవకి తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర అని చెప్పేవాళ్ళు ఏ చట్టం ప్రకారం అడుగుతున్నారో చెప్పలేరు. ఇంటర్వ్యూకి పేరు రాయించుకోవడానికే డబ్బు అడిగితే మాట అక్కడితో ఆపేయండి. ఒరిజినల్ పాస్‌పోర్టు కూడా ఇంటర్వ్యూ దశలో ఎవరికీ ఇవ్వక్కర్లేదు, జిరాక్స్ చాలు. నూటికి మూడు వడ్డీకి అప్పు తెచ్చి ముందే కట్టేసిన మనిషి ఇంటర్వ్యూలో ఏ షరతుకైనా తల ఊపాల్సి వస్తుంది. అప్పు మెడ మీద ఉన్నవాళ్ళకి ప్రశ్న నోట్లోంచి రాదు. అందుకే డబ్బు ఎప్పుడు కట్టాలన్నది కూడా తయారీలో భాగమే. ఉద్యోగం ఖాయమై, కాంట్రాక్టు చేతికి వచ్చి, గల్ఫ్ మెడికల్ పరీక్షలో ఫిట్ అని తేలాక కట్టండి. టీబీ మచ్చ, హెపటైటిస్ లాంటివి బయటపడితే మెడికల్లోనే ఆగిపోతారు. అప్పటికే కట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం చాలా కష్టం.

మీ పనిని మాటల్లో పెట్టుకోండి

ఇంటి పనికి వెళ్ళే మన ఆడవాళ్ళతో ఇంటర్వ్యూ ఇలా సాగుతుంది.

"వంట వచ్చా?"

"వచ్చండి."

"పిల్లల్ని చూస్తావా?"

"చూస్తానండి."

"ముసలివాళ్ళని?"

"చూస్తానండి."

అన్నీ నిజమే, కానీ ఈ జవాబుల్లో మనిషి కనబడదు. అటువైపు కూర్చున్నావిడ అదే రోజు ఇంకో పదిమందితో మాట్లాడుతుంది, అందరూ వచ్చనే అంటారు. ఆమెకి తేడా తెలియాలంటే మీరు చేసిన పని లెక్కతో, వివరంతో చెప్పాలి. "ఇంట్లో ఏడుగురికి రెండు పూటలా నేనే వండుతానండి. కోడి కొయ్యడం, చేప శుభ్రం చెయ్యడం వచ్చు. అరబ్బు వంట చెయ్యలేదు, రెండుసార్లు దగ్గరుండి చూపిస్తే పట్టుకుంటాను." ఈ జవాబు అరనిమిషం పట్టదు. ఏం వచ్చో చెప్పింది, ఏం రాదో చెప్పింది, నేర్చుకుంటానని చెప్పింది.

మన ఇళ్ళలో ఆడవాళ్ళు చేసే పనుల్లో బయట విలువున్నవి చాలా ఉన్నాయి. వాళ్ళే వాటిని పనిగా లెక్కపెట్టుకోరు. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడితే ఆవిడకి స్నానం చేయించడం, డైపర్ మార్చడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టడం, మెత్తగా కలిపి తినిపించడం, షుగర్ ఉంటే ఇన్సులిన్ వేళ తప్పకుండా చూడటం: ఇదంతా చేసిన మనిషి "నాకేం అనుభవం లేదండి" అంటోంది. అది అనుభవమే. గల్ఫ్ ఇళ్ళలో ముసలివాళ్ళని చూసుకునే మనిషికి జీతం మామూలు ఇంటిపని కంటే ఎక్కువ అడగొచ్చు. కవలల్ని పెంచినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని సాకినా, అంగన్‌వాడీలో ఆయాగా చేసినా, పెళ్ళిళ్ళ వంటల బృందంలో వెళ్ళినా అవన్నీ చెప్పండి. చెప్పేటప్పుడు ఎన్నాళ్ళు చేశారో, ఎంతమందికి చేశారో కలిపి చెప్పండి.

ముందు రోజు రాత్రి ఇంట్లో చదువుకున్న అమ్మాయినో అబ్బాయినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోన్ వీడియోలో రికార్డు చేస్తూ అయిదారు ప్రశ్నలకి జవాబు చెప్పి చూసుకోండి. తల దించుకుని మాట్లాడుతున్నారా, మాట మింగేస్తున్నారా, ప్రతి వాక్యానికీ పక్కవాళ్ళ వైపు చూస్తున్నారా అన్నది మీకే కనబడుతుంది. రెండోసారి చెప్పేసరికి గొంతు నిలబడుతుంది. నేను చెప్పే తయారీలో ఇంతకంటే పనికొచ్చేది లేదు.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, చాలామందికి గుండె జారేదీ అక్కడే: "పిల్లల్ని వదిలి ఉండగలవా?" కన్నీళ్ళు వస్తే రానివ్వండి, తప్పేం లేదు. కానీ జవాబు ముందే ఆలోచించుకోండి. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, బడికి ఎవరు పంపుతారు, జ్వరం వస్తే ఎవరు తీసుకెళ్తారు, మీరు వారానికి ఎన్నిసార్లు ఫోన్ చేసుకోవాలనుకుంటున్నారు. "మా అమ్మ దగ్గర ఉంటారండి. రోజూ రాత్రి పది నిమిషాలు మాట్లాడతాను, ఆ వీలు ఉండాలి" అని చెప్పండి. అది జవాబూ అవుతుంది, షరతూ అవుతుంది. ఇంట్లో ఈ ఏర్పాటు నిజంగా తేలకపోతే ఇంటర్వ్యూ వాయిదా వేసుకోవడమే మంచిది.

అబద్ధం చెప్పమనే వాళ్ళు ఉంటారు. "సౌదీలో మూడేళ్ళు చేశానని చెప్పు, జీతం ఎక్కువ వస్తుంది" అంటారు. వెళ్ళిన మొదటి వారంలోనే అరబిక్ రాదని, అక్కడి వంట తెలియదని బయటపడుతుంది. కువైట్‌లో పనిమనిషిని తెప్పించిన ఆఫీసు మొదటి ఆరు నెలలకి యజమానికి హామీ ఇస్తుంది. ఆ లోపల ఇంట్లోవాళ్ళు వద్దంటే మిమ్మల్ని తిరిగి ఆఫీసులో దించుతారు, అక్కడి నుంచి ఇంకో ఇంటికి పంపుతారు. అబద్ధం చెప్పమన్న మనిషి అప్పటికి ఫోన్ ఎత్తడు. చేసిన పనే చెప్పండి.

ఫోన్‌లో ఇంటర్వ్యూ అయితే చిన్న లెక్క గుర్తుంచుకోండి. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్‌లలో ఉదయం పది అయితే మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. దుబాయ్, మస్కట్‌లలో పది అయితే మనకి పదకొండున్నర. ఎమిరేట్స్ తప్ప మిగతా గల్ఫ్ దేశాల్లో శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పనిరోజు. కాబట్టి ఆదివారం కాల్ వస్తే ఆశ్చర్యపోకండి. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి. ఇంట్లో సిగ్నల్ రాకపోతే ముక్తేశ్వరంలోనో అమలాపురంలోనో చుట్టాలింటికి ముందే వెళ్ళి కూర్చోండి.

మీరు అడగాల్సినవి

ఇప్పుడు అసలు విషయం. జవాబులన్నీ చెప్పాక, "మేడమ్, నాకు కొన్ని సంగతులు తెలియాలి" అని అనండి. చాలామంది ఇలా అడిగితే ఉద్యోగం పోతుందని భయపడతారు. నాలుగు మంచి ప్రశ్నలు అడిగే మనిషిని బాధ్యత తెలిసిన మనిషిగా చూసే ఇళ్ళు ఉన్నాయి. అడిగినందుకే వద్దనుకునే ఇల్లు మీకు రెండేళ్ళపాటు ఎలాంటి ఇల్లవుతుందో మీరే ఆలోచించుకోండి.

ఇంట్లో ఎంతమంది ఉంటారు, పిల్లల వయసెంత, మంచం మీద ఉన్నవాళ్ళు ఉన్నారా, ఇల్లు ఎన్ని అంతస్తులు, ఇంకో పనిమనిషి ఉందా అన్నది మొదట అడగండి. మూడంతస్తుల ఇల్లు, ఎనిమిదిమంది, ఒక్కతే పనిమనిషి అంటే జీతం ఎంత చెప్పినా ఆ పని ఒక మనిషి చేయగలిగింది కాదు. తర్వాత, పని ఈ ఒక్క ఇంటికేనా, మేడమ్ పుట్టింటికీ చెల్లెలి ఇంటికీ కూడా పంపుతారా అని అడగండి. మనవాళ్ళు వెనక్కి వచ్చాక చెప్పే ఫిర్యాదుల్లో ఇదొకటి. ముందుగా అడిగేవాళ్ళు మాత్రం అరుదు.

జీతం గురించి మూడు మాటలు తేల్చుకోండి: ఎంత, ఏ తేదీన, చేతికా బ్యాంకుకా. దినారో రియాలో దిర్హామో ఆ దేశపు డబ్బులోనే చెప్పించుకోండి, రూపాయల్లో చెప్పించుకోవద్దు; రూపాయి రేటు మారుతుంటుంది, కాగితం మీద రాసేది దినారే. పడుకోవడానికి వేరే గది ఉందా, దానికి లోపల గడియ ఉందా అని అడగడానికి సిగ్గుపడకండి. ఫోన్ నా దగ్గరే ఉంటుందా? వారానికి సెలవు ఏ రోజు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? రెండేళ్ళు అయ్యాక టికెట్ ఎవరు కొంటారు? ఇవన్నీ కలిపినా మూడు నిమిషాల పని.

మధ్యలో తర్జుమా చేసే ఏజెంటు మీ ప్రశ్నని మింగేయొచ్చు. "అవన్నీ అక్కడికెళ్ళాక చూసుకుంటారమ్మా" అనేస్తాడు. అందుకని నాలుగు అరబిక్ మాటలు నేర్చుకుని కూర్చోండి. జీతాన్ని రాతిబ్ అంటారు, సెలవుని ఇజాజా, గదిని గుర్ఫా, కాంట్రాక్టుని అక్ద్, పాస్‌పోర్టుని జవాజ్ అంటారు. "మేడమ్, ఇజాజా?" అని మీరే అంటే చాలు, ఆవిడకి అర్థమవుతుంది, ఏజెంటు కూడా చెప్పక తప్పదు. హిందీ కొద్దిగా వస్తే ఇంకా మేలు, గల్ఫ్ ఇళ్ళలో చాలాచోట్ల హిందీ నడుస్తుంది. ఈ మాటలు మన ఊళ్ళో గల్ఫ్ నుంచి వచ్చి ఉన్న ఆడవాళ్ళని అడిగితే ఒక సాయంత్రంలో నేర్పిస్తారు. పుస్తకం కంటే వాళ్ళ నోటితో వినడం మంచిది.

మీరు అడిగేది గొంతెమ్మ కోరిక కాదని తెలియడానికి అక్కడి చట్టాలు కొంచెం తెలిసి ఉండాలి. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకి పని 12 గంటలు మించకూడదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, కాంట్రాక్టు అయ్యాక ఏడాదికి ఒక నెల చొప్పున జీతం అదనంగా ఇవ్వాలి. పనివాళ్ళ వయసు 21కి తగ్గకూడదు. ఖతార్‌లో 2017 నాటి 15వ నంబరు చట్టం రోజుకి 10 గంటల పని, వారానికి ఒక సెలవు అంటుంది. 2021 మార్చి నుంచి అక్కడ ఇంటి పనివాళ్ళతో సహా అందరికీ కనీస వేతనం నెలకి 1,000 రియాళ్ళు. వసతి, తిండి యజమాని పెట్టకపోతే వసతికి 500, తిండికి 300 వేరుగా ఇవ్వాలి. ఎమిరేట్స్ 2022లో చేసిన చట్టం వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు ఇస్తుంది. చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి ఇంట్లో అది జరగడం లేదన్నది నిజం. అయినా ఏది మీ హక్కో తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

ఇంటర్వ్యూలో నోటితో ఒప్పుకున్నదంతా కాంట్రాక్టులో ఉందో లేదో సంతకానికి ముందు చూసుకోండి. ఖతార్ వెళ్ళేవాళ్ళకి హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది. మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అక్కడే జరుగుతాయి. సంతకం పెట్టమన్నప్పుడు "చదివి చెప్పండి" అని అడిగే హక్కు మీకుంది. వెనక వరస పెరుగుతోందని కంగారుపడకండి. ఎమిరేట్స్ కంపెనీ ఉద్యోగాల ఆఫర్ లెటర్ అరబిక్, ఇంగ్లీషులతో పాటు ఇంకో భాషలో కూడా ఇస్తారు. హిందీ, తమిళం, మలయాళం వాటిలో ఉన్నాయి. హిందీ చదవగలిగినవాళ్ళని వెంటబెట్టుకుని చదివించుకోండి. ప్రతి పేజీ ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి పంపండి.

ట్రేడ్ టెస్టుకి వెళ్ళే తమ్ముళ్ళకి

కంపెనీ పనులకి మాటలతో పాటు చేతిపని పరీక్ష ఉంటుంది, దాన్నే ట్రేడ్ టెస్ట్ అంటారు. సౌదీ ఇప్పుడు చాలా పనులకి మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి, పాసైతేనే వీసా ఇస్తోంది. మనవాళ్ళు ఈ పరీక్షలో పని రాక తప్పేది తక్కువ. పేరు తెలియక తప్పుతారు, అలసిపోయి తప్పుతారు. అమలాపురంలో రాత్రి బస్సు ఎక్కి, తెల్లారి హైదరాబాద్‌లో దిగి, తిన్నగా పరీక్షకి వెళ్తే చేతులు నిలవవు. ముందు రోజే వెళ్ళి రాత్రి నిద్రపోండి.

పేర్ల సంగతి: మనం సెంట్రింగ్ పని అనేది అక్కడ షట్టరింగ్ కార్పెంటర్. రాడ్ బెండింగ్ చేసేవాడు స్టీల్ ఫిక్సర్. తాపీ మేస్త్రి మేసన్. అందులో ఇటుక కట్టేవాడు, ప్లాస్టరింగ్ చేసేవాడు, టైల్స్ వేసేవాడు వేరు వేరు. మీకు ఏది బాగా వచ్చో అదే చెప్పండి. "అన్నీ వచ్చండి" అంటే హెల్పర్ కింద రాసేస్తారు, హెల్పర్ జీతమే ఇస్తారు. టేపుని మిల్లీమీటర్లలో చదవడం అలవాటు చేసుకోండి. మన ఊళ్ళో అడుగులు, అంగుళాల్లో నడిచే పని అక్కడి డ్రాయింగుల్లో మిల్లీమీటర్లలోనే ఉంటుంది. హెల్మెట్, షూస్, గ్లౌజులు లేకుండా పనికి దిగితే చూసేవాడు అక్కడే మార్కులు తగ్గిస్తాడు. పరికరం తీసుకునే ముందు అవి అడిగి వేసుకోండి. కరెంటు పనివాళ్ళు మెయిన్ ఆపారా లేదా అని టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి, అది చూడటానికే ఒకడు పక్కన నిలబడి ఉంటాడు.

కంపెనీ ఉద్యోగంలో అడగాల్సిన మొదటి ప్రశ్న బేసిక్ జీతం ఎంత అని. 1,500 దిర్హాములు అని చెప్పి, కాగితం మీద బేసిక్ 600, మిగతాది అలవెన్సులు అని రాస్తారు. ఎమిరేట్స్‌లో మొదటి అయిదేళ్ళకి గ్రాట్యుటీ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కకడతారు. బేసిక్ 600 అయితే ఏడాదికి 420 దిర్హాములు వస్తాయి, 1,000 అయితే 700. ఓవర్‌టైమ్ లెక్క కూడా బేసిక్ మీదే. కాబట్టి మొత్తం ఎంత అన్నదానికంటే బేసిక్ ఎంత అన్నదే పట్టుకోండి. క్యాంపులో గదికి ఎంతమంది, తిండి కంపెనీదా మనదా, సైటుకి బస్సు ఉందా అన్నవి తర్వాత అడగండి.

నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లకి దారి వేరు. సర్టిఫికెట్ల అటెస్టేషన్, నర్సులైతే డేటాఫ్లో (సర్టిఫికెట్ల తనిఖీ), ప్రోమెట్రిక్ పరీక్ష ముందు పూర్తి చేసుకుని ఇంటర్వ్యూకి కూర్చోవాలి. వాళ్ళకి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక ఇక్కడ ఆపుతున్నాను.

వెళ్ళాక

బయల్దేరే ముందు ప్రవాసీ భారతీయ బీమా చేయించుకున్నారో లేదో చూసుకోండి. ఈసీఆర్ వాళ్ళకి అది తప్పనిసరి. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకి 375, పైన పన్ను. ప్రమాదంలో మరణిస్తే, శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షలు వస్తాయి. ప్రయాణానికి ముందు ఇచ్చే ఒక రోజు శిక్షణకీ వెళ్ళండి.

దిగాక ఇంకో కాంట్రాక్టు ముందు పెట్టి సంతకం చెయ్యమంటే, ఫోన్‌లో ఉన్న పాతదానితో పోల్చి చూడండి. జీతం అంకె అరబిక్‌లో ఉన్నా గుర్తుపట్టడానికి అరబిక్ అంకెలు ముందే నేర్చుకుని వెళ్ళండి, అవి పదే కదా. తేడా ఉంటే కాంట్రాక్టు ఫోటోతో సహా భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. మన దేశంలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800-11-3090, ఇంట్లోవాళ్ళు ఇక్కడి నుంచి దానికి చేయొచ్చు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేట్ పని కోసం గోదావరి దాటి కాకినాడ వెళ్ళే అవసరం తప్పింది. అమలాపురం కలెక్టరేట్‌లోనే గల్ఫ్ బాధితుల కుటుంబాల మొర వింటున్నారు.

కొన్నాళ్ళకి ఇంకో పని చూసుకోవాలనిపిస్తుంది. కువైట్‌లో శుక్రవారం మాలియా అనే చోట కలిసే మనవాళ్ళ ద్వారానో, చర్చిలో పరిచయమైనవాళ్ళ ద్వారానో కబురు వస్తుంది: "మా మేడమ్ చెల్లెలికి మనిషి కావాలట, పది దినార్లు ఎక్కువట." అప్పుడు కూడా అవే ప్రశ్నలు అడగండి. అయితే ఒక ప్రశ్న ముందు చేర్చండి: రిలీజ్ ఎవరు ఇప్పిస్తారు? 20వ నంబరు ఖద్దామా (ఇంటి పని) వీసా మీద వచ్చిన మనిషి కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) వదిలేస్తూ ఇచ్చే రిలీజ్ లేకుండా వేరే ఇంట్లో చేరితే పారిపోయిందని కేసు పెడతారు, దొరికితే ఇంటికి పంపేస్తారు. ఖతార్‌లో 2020 సెప్టెంబరు నుంచి ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేదు, నోటీసు ఇచ్చి మారొచ్చు. దేశాన్ని బట్టి నియమం మారుతుంది కాబట్టి ఒక దేశంలో ఉన్న చుట్టం చెప్పిన మాట ఇంకో దేశంలో పనికిరాదు. ఎమిరేట్స్‌లో విజిట్ వీసా మీద పని చెయ్యడం నేరం. 2024లో సవరించిన చట్టం అలా పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా పెట్టింది. వాక్-ఇన్ ఇంటర్వ్యూకి వెళ్ళి "ముందు పనిలోకి రా, వీసా తర్వాత చూద్దాం" అన్న మాట వింటే పనిలో చేరకండి.

ఇంతవరకు చదివిన చదువుకున్న పిల్లలకి నాదొక మనవి. ఐనవిల్లిలో గానీ, శానపల్లిలంకలో గానీ, విలసలో గానీ మీ వీధిలో ఎవరికైనా గల్ఫ్ ఇంటర్వ్యూ పడిందని తెలిస్తే ఆ ఇంటికి వెళ్ళండి. ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు పేరు మీ ఫోన్‌లో చూసి చెప్పండి. వాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసివ్వండి, చదువు రాకపోతే నోటికి వచ్చేదాకా చెప్పించండి. కాల్ వచ్చినప్పుడు ఏజెంటు పక్కన మీరు కూడా కూర్చోండి.